గుమ్మం బయట బూట్లు

తలుపు బద్దలుకొట్టుకుని, మొహానికి ముసుగుతో, చేతిలో తుపాకీతో ఒకమ్మాయి లోపలికొచ్చింది. నేను బెండకాయలు తరుగుతున్నాను.

"లేవండి. ఈ ఇల్లు, ఈ వీధి, మీ చేతిలో బెండకాయ, అన్నీ అబద్ధం. యంత్రాలు మిమ్మల్ని పెట్టెలో పడుకోబెట్టి ఈ కల చూపిస్తున్నాయి. వాటి కాపలావాళ్ళు వచ్చేలోపు పారిపోవాలి."

"తెలుసమ్మా. నేనే అడిగి పడుకున్నాను."

"బయట మేం వాటితో కొట్టుకు చస్తుంటే మీరిక్కడ బెండకాయలు తరుగుతారా?"

"తరక్కపోతే ఇక్కడ అంతకంటే పెద్ద యుద్ధం," అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "బూట్లు గుమ్మం బయట విప్పమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఆ అడుగుల చప్పుడు నాకు తెలీదనుకున్నావా?"

అమ్మాయి కొయ్యబారిపోయింది. మా అసలు ఇంట్లో ఆ గొంతు ఆగిపోయి రెండేళ్ళయింది.

తుపాకీ సోఫా మీద పెట్టింది. బూట్లు విప్పి గుమ్మం బయట జతగా సర్దింది. ముసుగు తీసి కళ్ళు తుడుచుకుంది.

"కాపలావాళ్ళు వస్తారన్నావుగా," అన్నాను, ఆ మొహం చూస్తూ.

"రానీ నాన్నా," అంటూ వంటింటివైపు నడిచింది. "ఇంకో రెండు తిట్లు తినొస్తాను."