వెనకాల నడిచినావిడ

గాలి ఒక్క తోపు తోసేసరికి రోహిణి కాలు జారింది.

వెనకనుంచి ఎవరో ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఆపారు.

“మెల్లగా అమ్మాయ్! రెండువైపులా లోయే.”

రోహిణి తిరిగి చూసింది. శాలువా తలచుట్టూ చుట్టుకున్న యాభయ్యేళ్ల మనిషి. పొద్దున ఆఫీసువాళ్ల విహారానికి కొత్తగూడలో బస్సెక్కాక అందరూ పేర్లు చెప్పుకున్నప్పుడు ఆమె చెప్పిన పేరు విని రోహిణికి ఒళ్లు మండింది. సుబ్బలక్ష్మి.

“చెయ్యి వదలండి,” అంది రోహిణి.

ఆమె వదిలేసింది.

రెండు రోజుల కిందట హైటెక్ సిటీ ఆఫీసులో మేనేజరు రంగనాథ్ రోహిణిని పక్కకు పిలిచాడు.

“మన టీంలో ఒకర్ని తీసేయాలంట. పక్క బిల్డింగులో క్వాలిటీ చూసే సుబ్బలక్ష్మి ఉంది చూడు, ఆమే నీ పేరిచ్చింది. నేనుండాను కదా, నువ్వు దిగులు పడొద్దు చెల్లెలా.”

ఆఫీసంతా అతన్ని పేరు పెట్టి పిలిచినా రోహిణికి మాత్రం అన్న. ఏటా రాఖీ కడుతుంది. బోనాలకు మదీనాగూడలోని తన ఇంటికి పిలిచి కడుపునిండా పెడుతుంది. కడప నుంచి వచ్చిన మనిషికి ఇక్కడ తోడబుట్టినవాళ్లు ఎవరున్నారని ఆమె జాలి.

ఆ ఉద్యోగం పోతే రోహిణికి దిక్కు లేదు. భర్త దినేశ్ నడుం ఆపరేషనై మంచం మీద ఉన్నాడు. ఆఫీసు బీమాతోనే అతని వైద్యం నడుస్తోంది.

మొహమైనా ఎరగని మనిషి తన పొట్ట మీద కొట్టింది. తన టీం కూడా కాదు, ఈ గుట్టలెక్కడానికి ఎందుకు వచ్చినట్టు? ఏడుపుమొహం ఎట్లా ఉంటుందో చూసి పోదామనా?

వికారాబాద్ దాటాక ఆ గుట్టల మీద డిసెంబరు గాలి చెవులు కోస్తోంది. సన్నటి కాలిబాట మీద అందరూ ఒకరి వెనక ఒకరు వంగి నడుస్తున్నారు.

రోహిణి నడక పెంచింది. సుబ్బలక్ష్మి ఆయాసపడుతూ వెంట వచ్చింది.

“నీతో కాసేపు నడుద్దామని వచ్చానమ్మా. ఇన్నాళ్లూ నీ పనే చూశాను. మనిషిని ఇవాళ చూశాను.”

“ఇగ చూసింది చాలు మేడం,” అని రోహిణి ముందుకెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఒక పెద్ద బండ చాటున పులిహోర పొట్లాలు విప్పారు. రంగనాథ్ రోహిణి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“చెల్లెలా, పనైపోయింది. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. పైవాళ్లతో కొట్లాడి మరీ నిలబెట్టినా.”

రోహిణి కళ్లు చెమర్చాయి.

“నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె అన్నా!”

“అన్నకాడ రుణమేందిలే.”

సరిగ్గా అప్పుడే సుబ్బలక్ష్మి వచ్చి రోహిణి పక్కన కూర్చుంది. ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించింది.

“వేడిగా ఉంది, తాగమ్మా.”

రెండు రోజులుగా లోపల కుతకుతలాడుతున్నదంతా రోహిణి నోట్లోకి వచ్చేసింది.

“నా నోటికాడి బుక్క గుంజుకుందామని చూసి, ఇప్పుడు చాయ్ పోస్తున్నరా? సిగ్గనిపిస్తలేదా మీకు?”

అందరి చేతులూ ఆగిపోయాయి.

సుబ్బలక్ష్మి బిత్తరపోయి రంగనాథ్ వైపు చూసింది. అతను ఊడని షూ లేసును విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

“చలిలో కోపం మంచిదేలే అమ్మా, ఒళ్లు వేడెక్కుతుంది,” అంది. నవ్వబోయింది గానీ కుదరలేదు. “మీ ఆయన్ని జాగ్రత్తగా చూసుకో.”

పొట్లం విప్పకుండానే లేచి, వచ్చిన దారినే గాలికి ఎదురు నడుస్తూ వెళ్లిపోయింది. ఒక్కరూ వెంట వెళ్లలేదు. రోహిణికి మాత్రం కడుపు చల్లబడింది. పులిహోర ఎప్పటికంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

గుట్ట అవతల దిగేసరికి బస్సు సిద్ధంగా ఉంది. నడవలేనని బస్సులోనే ఉండిపోయిన హెచ్చార్ రేఖ కేకు పెట్టె పట్టుకుని ఎదురొచ్చింది.

“సుబ్బలక్ష్మి మేడం ఏరి?”

“ఎందుకు?” అంది రోహిణి.

“సెండాఫ్ కదా! నిన్ననే ఆఖరి రోజు ఆమెకు. ఏం వద్దన్నది గానీ, నాకే మనసాగక కేకు తెప్పించిన.”

రోహిణి ఆమె చెయ్యి పట్టి ఆపింది.

“ఆమె పోవుడేంది? తీసేయమని నా పేరిచ్చిందే ఆమె కదా?”

రేఖ తెల్లబోయింది.

“ఎవరు చెప్పిన్రు నీకు? ఆ మీటింగుల నేనున్న. నీ పేరిచ్చింది రంగనాథ్.”

రోహిణి వెనక్కి తిరిగింది.

“అన్నా?”

“చలిగా ఉంది, ఎక్కండి ఎక్కండి,” అన్నాడు రంగనాథ్, ఎవరి వైపూ చూడకుండా. అందరికంటే ముందు తనే బస్సెక్కాడు.

అన్నా అని పిలిచిన నోరు చేదెక్కింది. నమ్మించి గొంతు కోసినవాడికే ఇందాక కళ్లనీళ్లతో దండం పెట్టినంత పని చేసింది. ఏడుపు కూడా రాలేదు రోహిణికి.

“మరి నా ఉద్యోగం ఎట్ల నిలబడ్డది రేఖా?”

రేఖ గొంతు తగ్గించింది.

“నీకు చెప్పొద్దన్నది మేడం. తెలిస్తే రంగనాథ్ కింద పనిచేసుడు నీకు కష్టమైతదని.”

“చెప్పు.”

“‘ఆ అమ్మాయిని తీసేటట్లయితే ముందు నన్ను తీసేయండి’ అని కోపంల ఒక్క మాట అన్నదామె, పైవాళ్లు ఆ మాటే పట్టుకుని నిన్ను ఉంచి ఆమెను తీసేసిన్రు.”