కింద వచ్చే అక్షరాలు

"ఆ పిల్ల ఏటంటందే?"

చేపల తట్ట గుమ్మంలోనే దించి, గురమ్మ లాప్‌టాప్ ముందు కూలబడింది.

తెర మీద కొరియా పిల్ల బల్ల మీద కూర్చుని ఏడుస్తోంది. జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది. పక్కన తల్లి. ఆవిడా గురమ్మలాగే చేపలమ్ముతుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చి పోతుంటే, డిగ్రీ చదివిన ఉష వాటిని చూసి తెలుగులో చెబుతుంది. కూతురు పక్కనుంటే గురమ్మకు ఏ దేశం సినిమా అయినా అర్థమవుతుంది. సాయంత్రాలు ఇద్దరికీ అదే సరదా.

"పెద్ద జబ్బంటమ్మా. తల్లికి సెప్పాలో వద్దో తెలక ఏడస్తంది."

"ఓలమ్మో!" గురమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"సెప్పీమంటావా?"

"సెప్పకూడదే! ఆ తల్లి మొగం సూడు, నాలాగే పిరికి ముండ. ఇన్నాదంటే అక్కడే పేనం పోద్ది."

ఉష తెర మీంచి చూపు తిప్పలేదు. "నువ్వయినా అంతేనా?"

"నీకు రొంప పడితేనే నాకు నిద్దర రాదు. నానైతే ఆ రోజే సచ్చిపోతాను."

"అయితే సెప్పదులే" అని ఉష సినిమా ఆపేసింది. "మిగతాది తర్వాత సూద్దాం."

ఆ తర్వాత చూడనేలేదు. వారం తిరక్కుండా ఉష జుట్టు కత్తిరించుకుని వచ్చింది.

"ఓసి నీ జిమ్మడ! నడుం దాటిన జడే! ఆ సినిమా పిల్లని సూసేనా?"

"అవునమ్మా. బాగున్నానా?"

బాగోలేదు. మనిషి చిక్కిపోయింది కూడా.

"ఆ సినిమావోలలాగ సన్నబడాలనేనా తిండి మానేసినావు?"

ఉష దానికీ అవునంది. వైజాగ్‌లో ట్రైనింగ్ ఉందని, కొన్నాళ్లు హాస్టల్లో ఉండాలని కూడా చెప్పింది.

పక్కింటి దాలమ్మ ఊరుకుంటుందా? "జుత్తు కత్తిరించినాది, వైజాగంటన్నాది. ఎవుడో ఉన్నాడే గురమ్మా! లేసిపోద్ది, సూస్కో."

శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కిస్తూ గురమ్మ ఆ మాటే అడిగేసింది. "నా పరువు తియ్యవు కదే?"

"తియ్యనమ్మా." ఉష కిటికీలోంచి పట్టుకున్న చెయ్యి బస్సు కదిలేదాకా వదల్లేదు.

తర్వాతి ఆదివారం, సినిమా ఇచ్చిన స్నేహితురాలు భారతి తన పెన్‌డ్రైవ్ కోసం వచ్చింది. గురమ్మ ఆమెను గుమ్మంలోనే పట్టుకుంది.

"నిజం సెప్పు తల్లీ. మా ఉషకి ఎవుడైనా ఉన్నాడేటి?"

"దానికా? ఎవుడూ లేడు పిన్నీ. నా మీద ఒట్టు."

గురమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పెన్‌డ్రైవ్ తెచ్చి ఇస్తూ అడిగింది. "ఇందల ఆ జబ్బు పిల్ల సివరికి బతికిందేటే? మా ఉష సగంలోనే ఆపేసినాది."

"ఏ పిల్ల పిన్నీ?"

"అదేనే, పొట్టి జుత్తు పిల్ల. తల్లి సేపలమ్ముతాది. తనకి జబ్బని తల్లికి సెప్పలేక ఏడస్తాది సూడు."

భారతి పకపకా నవ్వింది. "ఉష నిన్ను బాగా ఆడించినాది పిన్నీ! ఆ పిల్ల వంటల పోటీలో ఓడిపోయి ఏడస్తాది. ఉత్త నవ్వులాట సినిమా అది."

గురమ్మ నవ్వలేదు.

"అందల ఎవులికీ జబ్బు లేదు పిన్నీ."