నేల మీద కూర్చున్నావిడ

"ఇంటి పరువు బజారుకీడ్చావు కదే! బాబాయి పాడుపని చేశాడని ఏడేళ్ల పిల్ల వాగితే, సొంత మరిది మీద కేసు పెట్టేస్తావా?" అంటూ అత్త నా మీదికొచ్చింది.

నేల మీద పాపతో బొమ్మలు గీస్తున్న నేతచీర ఆవిడ తలెత్తింది. అత్త ఆవిణ్ణి స్కూలు టీచరనుకుంది.

"మీరైనా దీనికి గడ్డి పెట్టండి టీచరమ్మా! పోయినేడు నా కూతురి పిల్ల కూడా వాడి మీద ఇలాగే చెప్పింది. నోరు మూయించాను. మూడో కంటికి తెలియనిచ్చానా?"

ఆవిడ పాప చేతికి రంగు పెన్సిలిచ్చి లేచింది.

"నేను ఎస్సైనండి. పిల్లలు బెదురుతారని వాళ్ల దగ్గరికి యూనిఫాంలో రాకూడదు. తెలిసీ దాచిపెట్టడం కూడా నేరమే. మీ కూతురి పాప ఎక్కడుంటుంది?"

అత్త గుమ్మం వైపు తిరిగింది.

"చెప్పండత్తయ్యా," అన్నాను. "టీచరమ్మ అడుగుతున్నారు."