అతుకు కనపడనిది

“జర పక్కకు జరుగు పెద్దాయనా, నీ నీడ తెర మీద పడ్తున్నది.”

శైలేందర్ కంప్యూటర్ మీద నుంచి తల తిప్పకుండానే అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ మనిషి చేతిసంచితో సహా పక్కకు జరిగాడు. తెల్లంగి. తల ముగ్గుబుట్ట.

“పెండ్లి వీడియో...” అని ఏదో చెప్పబోయాడు.

“ఐదు నిమిషాలాగు. గా కుర్చీల కూసో.”

శైలేందర్ కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో గుమాస్తా. ఆదివారాలు మాత్రం ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఈ చిన్న గదిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. నెల రోజులుగా మూడు సాఫ్ట్‌వేర్లు పరీక్షిస్తున్నాడు. ఉచిత గడువు ఇవాళ్టితో ముగుస్తుంది. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఏది కొనాలో తేల్చాల్సింది ఒక ఫోటో.

అది లింగంపేట రాజలింగు ఇచ్చిన పని. అన్నకూతురి పెళ్లి. అన్న సిద్దిరాములు మస్కట్‌లో ఉంటాడు. సెలవు దొరక్క పెళ్లికి రాలేదు. ఇంట్లో ఉన్న పాతవాటిలో బాగున్న ఫోటో ఒకటి ఏరి తెచ్చి, ఆయన కూడా పెళ్లిలో ఉన్నట్టు చేయమన్నాడు రాజలింగు. గల్ఫ్ ఇళ్లలో ఇది మామూలే.

వీడియో సిద్దిరాములుకు నచ్చితే, అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉండేవాళ్ల ఇళ్ల పెళ్లిళ్లన్నీ శైలేందర్‌కే. నచ్చకపోతే ఈ గది ఖాళీ చేయడమే. భార్య పద్మలత ఆ మాట ముందే తేల్చి చెప్పింది.

“పెద్దాయనా, నువ్వే జెప్పు. సూసి సూసి నా కండ్లు మసకలైనయి. గీ మూడిట్ల ఏది మంచిగున్నది?”

మొదటిది నడిపాడు. కన్యాదానం. తండ్రి లేడు కాబట్టి పీటల మీద రాజలింగు, ఆయన భార్య. వాళ్ల వెనక సిద్దిరాములు. నల్లజుట్టు, కోరమీసం. భుజాల దాకానే ఉన్న ఫోటో కాబట్టి వెనక నిలబెట్టాడు. తల చుట్టూ సన్నగా తెల్ల అంచు.

రెండోది. అంచు లేదు. పెళ్లికూతురి బాసికం మీదుగా కంపెనీ పేరు అడ్డంగా పడింది.

“పిల్ల నొసటి మీద ఏంది రాసిండ్రు?”

“కొనలేదని కంపెనోడు ముద్రేసిండు.”

మూడోది. పందిరి వెలుగు సిద్దిరాములు చెంప మీద కూడా పడుతోంది. అతుకు ఎక్కడో శైలేందర్‌కే తెలియడం లేదు.

పెద్దమనిషి తెర దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు.

“వెనక ఎవరు?”

“పిల్ల తండ్రి. మస్కట్‌ల ఉన్నడు. పెండ్లికి రాలే.”

“వచ్చినట్టే ఉన్నడు గదా!”

“గదే మన పనితనం!”

పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలాడు.

“మొదటిది మల్ల పెట్టు.”

పెట్టాడు.

“గిదే నయం.”

శైలేందర్ నవ్వాడు. “గదే నయమా? తెల్లంచు కనవడ్తలేదా? కండ్లద్దాలు మార్పియ్యి పెద్దాయనా.”

“కనవడ్తున్నది. గందుకే అంటున్న. ఎవడో బయటోడు వచ్చి నిలవడ్డట్టున్నడు. ఉన్నమాట గదే గదా.”

“మస్తు చిత్రపు మనిషివే! కన్నతండ్రిని బయటోని లెక్క సూపెడ్తే ఆయన ఊకుంటడా?”

“ఊకుంటడు.”

అంత నిమ్మళంగా అనేసరికి శైలేందర్ మొదటిసారి అతని ముఖం వైపు చూశాడు. ఎండకు కమిలిన చర్మం. కొత్త చెప్పులు. ఏ ఊరో పోల్చుకోలేకపోయాడు.

“అసలు ఆ మనిషిని తీసేస్తే ఏమైతది?”

“తీసేస్తే నాకు గీ సాఫ్ట్‌వేర్లెందుకు?”

“ఏం కొయ్యకుంట, పెండ్లి మొత్తం ఉంటదా నీ దగ్గర?”

“ఉన్నది. ఏడు గంటలు. ఎవరు సూస్తరు?”

“అప్పగింతలన్న పెడ్తవా? గంతే.”

ఎవరి పెళ్లో, ఈయనకెందుకో! అడుగుదామనుకున్నాడు శైలేందర్. అప్పుడే ఫోన్ మోగింది. మూడో సాఫ్ట్‌వేర్ కొనడానికి ఓటీపీ వచ్చింది. ఆ అంకెలు కొట్టే హడావిడిలో పడ్డాడు.

“ఇప్పుడు గాదు పెద్దాయనా. పైసలు కడ్తున్న, నడుమ ఆపితే మొత్తం పోతది. మల్లొచ్చే ఆదివారం రా, తీరుబడిగ సూద్దాం.”

బయట హైదరాబాద్ బస్సు హారన్ కొట్టింది. పెద్దమనిషి లేచాడు. తెర మీద కన్యాదానం దగ్గర ఆగిపోయిన పెళ్లికూతురిని ఇంకోసారి చూసుకున్నాడు.

“నీ పని మంచిగున్నది బిడ్డా,” అని దిగిపోయాడు.

అరగంటకు రాజలింగు వచ్చాడు. బండి మీద రెండు ఎరువు బస్తాలు.

“రా రాజలింగన్నా! సూడు, మీ అన్న పెండ్లిల ఎట్ల నిలవడ్డడో. అతుకు కనవడ్తే నన్నడుగు. మస్కట్‌ల సూసి ఖుషీ అయితడు.”

రాజలింగు తెర వైపు చూడలేదు. గదంతా చూశాడు.

“పోయిండా?”

“ఎవరు, ఆ ముసలాయనా? హైదరాబాద్ బస్సెక్కిండు. ఎవరన్నా ఆయన? అప్పగింతలు పెట్టుమని ఒక్కటే అడుగుడు.”

“నేనే దిగవెట్టి పోయిన. ఎరువుల దుకాణంల ఆలస్యమైంది.” రాజలింగు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. “ఇన్ని దినాలకు కంపెనోళ్లు నాలుగొద్దుల సెలవిచ్చిండ్రు. రాత్రికి విమానం. మల్ల రెండేండ్ల దాకా రాడు.”

శైలేందర్ తెర మీది నల్లజుట్టు మనిషి వైపు తిరిగాడు.

రాజలింగు రోడ్డు వైపు తిరిగి అడిగాడు.

“బిడ్డ పెండ్లి సూసుకున్నడా మరి, మా అన్న?”