ముందు పడిన చీటీ

"ఈ కొత్త దొర మాట మీద నిలబడతాడా తల్లీ?"

రొట్టె అందుకుంటూ ముసలాయన అడిగిన ప్రశ్నకు రొట్టెలమ్మే ద్యానోరా ఉలిక్కిపడింది.

మూడు రోజులుగా ఇదే వరస. ఒక్క రొట్టె కొంటాడు, నాలుగు ఆరాలు తీస్తాడు. మనిషిది ఈ ఊరు కాదు.

"దొరగారి మాటకేం, బంగారం!" అంది, వీధంతా వినబడేలా.

"నిన్న అలా అనలేదే. తెగ తిట్టిపోశావు."

ఎవరైనా విన్నారేమోనని ఆమె అటూ ఇటూ చూసింది.

మోంతెరూగో ఊరు చేతికి రాగానే కొత్త దొర పన్నెండుమందిని కోటలో వేశాడు. ఆమె మొగుడు బెత్తో వాళ్లలో ఒకడు. చనిపోయిన పాత దొర మంత్రి ఫాజియో తనంతట తానే కోటకు వచ్చి మోకరిల్లితే అందర్నీ వదిలేస్తారట. ఆదివారం లోపు రాకపోతే ఉరి. ఆ ఒక్కడూ వంగితే ఊరంతా వంగినట్టేనని దొర లెక్క. ఫాజియో పేరు తెలియనివాళ్లు లేరు గానీ, కాగితాల మధ్య బతికిన ఆయన ముఖం చూసినవాళ్లు తక్కువ.

"ఫాజియో మీద నీకూ కోపమేనా?"

"కోపమా? తన తోలు కాపాడుకోవడానికి పన్నెండిళ్ల గొంతు కోశాడు పిరికి సన్నాసి! కనబడితే మొహాన ఉమ్మేస్తాను."

ముసలాయన తల దించుకున్నాడు. "ఉమ్మాల్సిందే."

మళ్లీ అడిగాడు. "పొద్దున పూట కోట గుమ్మం దగ్గర కాపలా ఎంతమంది? రేపు అటు వెళ్లాలి."

ఆయన మలుపు తిరగగానే అత్తగారు బయటికొచ్చింది.

"వాడు దొర వేగు కాకపోతే నన్నడుగు! రేపు కోటకెళ్లి నీ తిట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్తాడు. నా కొడుకుని ఆదివారం దాకా కూడా ఉంచరు."

"ఇప్పుడేం చెయ్యను అత్తయ్యా?"

"చీటీ వెయ్యి. ఈ దొర సొంత వేగుల్నీ నమ్మడు. ఎవరి చీటీ ముందు పడితే వాళ్లదే నిజం."

చర్చి గుమ్మం దగ్గరి చెక్కపెట్టెలో ఎవరైనా పేరు లేని చీటీ వేయొచ్చు. సాయంత్రం చర్చి గంట మోగేవేళ ద్యానోరా వంకర అక్షరాలతో రాసి వేసింది. 'తెల్లగడ్డం పరదేశి కోట కాపలా లెక్క అడుగుతున్నాడు.'

తెల్లవారాక, కోట గుమ్మం ఇంకా పదడుగులుందనగా, సిపాయిలు ముసలాయన్ని పట్టుకున్నారు.

"కట్టెయ్యకండి నాయనా! ఈ పదడుగులూ నా కాళ్లతో నన్ను నడవనివ్వండి, మీకు పుణ్యముంటుంది!"

వాళ్లు వినలేదు. కాళ్లూ చేతులూ కట్టి మోసుకుపోయారు.

'ఎంత నటన!' అనుకుంది, దూరం నుంచి చూస్తున్న ద్యానోరా. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తింది.

మధ్యాహ్నం సంతలో చాటింపు వేశారు.

"దాక్కుని తిరుగుతున్న మంత్రి ఫాజియోని చీటీ వేసి పట్టించినవారికి దొరగారి ధన్యవాదాలు, అతను తనంతట తాను రాలేదు గనుక పన్నెండుమందికీ ఆదివారం ఉరి!"