కొత్త డబ్బా

"ఆగు బిడ్డా, పూరి వెయ్యకు!" సుగుణ కూతురు అఖిల చెయ్యి పట్టుకుంది.

మూకుడు కొత్తది. నూనె కూడా కొత్త డబ్బాలోదే. అయినా అది కాగేసరికి చేపల వాసన గుప్పుమంది. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర తమ చేపల ఫ్రై బండి మీద రోజూ వచ్చే వాసన.

"ఏడ తెచ్చినవ్ గీ నూనె?"

భర్త బుగ్గయ్య నసిగాడు. "రేట్లు మండుతున్నయ్ గద. మన మాడిన నూనె కొనుక్కపోయేటాయన దగ్గర సస్తల దొరికింది."

"గా నూనెతోని లారీలకు డీజిల్ చేస్తరని గద తీస్కపోయేది?"

"గట్లనే చెప్పిండు..." అంటూ మూకుడులోకి చూసి ఆగిపోయాడు.

"అమ్మా, నిన్న కూర గీ నూనెతోనే వండినవ్ గద? మసాలాల వాసన తెల్వలే." అఖిల పొయ్యి ఆర్పేసింది.

వాకిట్లో ఆ నూనె ఆయన ఆటో హారన్ మోగింది. "అన్నా, పాత నూనె ఉన్నదా?"

తలుపు పక్కనే మాడిన నూనె క్యాను నిండుగా ఉంది. ఇంతలో పక్కింటి సకీనా గొంతు వినిపించింది. "భాయ్, నాకు గూడ ఒక డబ్బా దించు. నూనె మంచిగున్నదని సుగుణక్క చెప్పింది."

బుగ్గయ్య గబుక్కున తలుపు గడియ పెట్టాడు. "నోరు మూస్కో. బయటవడితే మన బండి గూడ పోతది."

బయట డబ్బా దించిన చప్పుడైంది.

సుగుణ గడియ తీసింది.

"తీస్కోకు సకీనా! గది మేం అమ్మిన నూనెనే."