మొదటి వరుస

"హీరోయిన్ పేరు బైబిల్లోంచి కోసిందెవరో చివరి అధ్యాయంలో తేలాలి అత్తా. తేలకపోతే అది మిస్టరీ నవల ఎలా అవుతుంది?" అంది జెస్సీ.

"తేలడానికేముందే? మీ తాతే," అంది ఎస్తేరు, బీరకాయ చెక్కు తీస్తూ.

ఎస్తేరు రిటైరైన నర్సు. బందరులో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఎక్కడెక్కడో వాకబు చేసి, తమ్ముడి కూతురు జెస్సీ ఆమెను పట్టుకుని ఏడాదయింది. రాస్తున్న నవల ఆమె కథే.

ఆ కథ మొదలంటే జెస్సీకి మహా ఇష్టం. 1977 వేసవి, దివిసీమలో ఒక చిన్న చర్చి. పాస్టరుగారు ఆనవాయితీ ప్రకారం వరసగా మూడో ఆదివారం పెళ్లి ప్రకటన చదివి, "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి" అన్నారు. అలవాటుగా అడిగే మాట, ఎవరూ లేవరు. ఆ రోజు పెళ్లికూతురే లేచింది.

"నాకుందండీ. నేను నర్సు ట్రైనింగుకి వెళ్తాను."

తండ్రి సుందరరాజు తల వంచుకుని బయటికి నడిచాడు. మర్నాడు ఎస్తేరు ఇల్లు వదిలి గుడివాడ చేరింది. ఏ ఆస్పత్రో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మరి నవంబర్లో ఉత్తరం రాశావుగా?"

"రాశాను. శనివారం బస్సుకి వస్తున్నాను నాన్నా, క్షమించు అని. ఆ రోజే డ్యూటీ పడి ఆగిపోయాను. ఆ శనివారమే ఉప్పెన." ఎస్తేరు కత్తిపీట పక్కకి జరిపింది. "దెబ్బలు తగిలినవాళ్లతో ఆస్పత్రి నిండిపోయింది. నెల దాకా కదల్లేకపోయాను. వెళ్లేసరికి ఊళ్లో నరపురుగు లేదు, ఉన్నవాళ్లంతా బియ్యం పంచేచోట ఉన్నారు. మన ఇంటి తలుపు తీసే ఉంది. అటకమీదుండి బతికిన బైబిలు బల్లమీద కనబడింది. ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లు రాసుకునే జననాల పేజీ తీశాను. పెద్దదాన్ని కదా, మొదటి వరుస నాది. అక్కడ చిల్లు. బ్లేడుతో నీటుగా కోసేశాడు. వచ్చిన దారినే తిరిగి, ఒరిస్సా వెళ్లిపోయాను."



"ఊళ్లో నువ్వు ఉప్పెనలో పోయావనే అనుకున్నారత్తా. పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే, తాత గుమ్మంలోంచే పంపించేశాడట. నాన్న చెప్పేవాడు."

"చూశావా? చచ్చిన కూతురికి ఒక ప్రార్థన కూడా దండగే ఆయనకి."

తండ్రి పోయాడని జెస్సీ చెబితేనే ఎస్తేరుకి తెలిసింది. అప్పుడు ఏడుపు రాలేదు. కన్నతండ్రికి ఏడవలేకపోయానే అన్న బాధ మాత్రం ఆ రోజు నుంచీ ఆమెను తినేస్తోంది.

జెస్సీ సంచిలోంచి ఆ ఇంటి నల్ల అట్ట బైబిలూ, పాత కళ్లజోడు పెట్టె ఒకటీ తీసింది. పెట్టెలో చిన్న కాగితం, మడత పెట్టి ఉంది.

"తాత కళ్లజోడు పెట్టెలో దొరికింది. నేను విప్పలేదు, నువ్వే విప్పాలనిపించింది."

ఎస్తేరు మడత విప్పింది. తండ్రి గుండ్రటి అక్షరాలు: 'ఎస్తేరు, 4-2-1956.'

"కోసినవాడు చచ్చేదాకా దాచుకోవడమెందుకత్తా?"

"నన్నడిగితే? రాసెయ్యమ్మా. కన్నతండ్రే బతికున్న కూతురి పేరు కొట్టేశాడని రాసెయ్. ఉండు, అతికించి ఇస్తాను, ఫోటో తీసుకుందువుగాని."

ఇన్నేళ్లకి తన పేరు తన చోట తనే పెట్టుకుంటోంది. తన కళ్లజోడు పెట్టుకుని, వేలికి గమ్ము అద్దుకుని, పూయడానికి కాగితం తిరగేసింది.

వెనకవైపూ తండ్రి అక్షరాలే. 'ఎస్తేరు, 19-11-1977, ఉప్పెనలో.'

గబగబా బైబిల్లో ఆ పేజీ తిప్పింది. జననాల వెనక పేజీ మీద 'మరణములు' అని అచ్చు వేసి ఉంది. దాని కింద, మొదటి వరుసలో, అదే చిల్లు.

నాన్న కోసేసింది ఆమె చావుని.